గండి పూడ్చిన కొరమీను

షికాగో పక్క అరోరాలో వాకిట మంచు తవ్వీ తవ్వీ నా నడుము నాకే పరాయిదైపోయిన చలికాలం అది. ఎనభైల మొదట్లో సంగతి. హవాయి దీవుల్లో, హొనొలులు కాలేజీలో చదువుతున్న మా అక్క కూతురు సుజాత ఫోన్ చేసింది. "మామయ్యా, ఇక్కడికి వచ్చేయ్. సాటర్‌డే సర్వీస్ డే ఉంది, మన శ్రమదానం లాగా. పిల్లలు, మట్టి, సముద్రం... యూ విల్ లవ్ ఇట్!" మట్టి సంగతి నేను పట్టించుకోలేదు. సముద్రం ఒక్కటే కళ్ల ముందు ఆడింది.

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి షికాగోలో విమానం, లాస్ ఏంజెలస్‌లో మారడం. శాకాహారం అడిగితే నాలుగు ఆకులూ ఓ ద్రాక్షగుత్తీ ఇచ్చారు. వెళ్లేవాళ్లు పులిహోర పొట్లం మరవకండి. పక్క సీటు పెద్దావిడ వాసన పట్టి, "అదేమిటి?" అంది.

"విమానం ఊగకుండా తినే మందు" అన్నాను. రెండు ముద్దలు పుచ్చుకుంది. లాస్ ఏంజెలస్ దాకా విమానం కిమ్మనలేదు.

శనివారం ఏడింటికి సిటీ బస్సెక్కాం. కొండల్లో సొరంగం దాటగానే అవతల ఆకుపచ్చ తప్ప మరో రంగు లేదు. సుజాత నా చెవిలో, "ప్లీజ్ మామయ్యా, అక్కడ స్టోరీలు చెప్పకు. వాళ్లు బిలీవ్ చేస్తారు" అంది.

దిగిన చోట సముద్రంలోకి రాతిగోడ కట్టి, లోపల చేపలు పెంచే చెరువు ఉంది. అక్కడి పనులు చూసే పెద్దామె పేరు ఆంటీ లాని. అక్కడ పెద్దవాళ్లంతా ఆంటీలూ అంకుళ్లే! ఆ పద్ధతి మనవాళ్లే అరోరాలో కనిపెట్టారని ఇన్నాళ్లూ మురిసిపోయాను.

ముందురోజు పెద్ద అలలకి గోడకి గండి పడింది. అడ్డంగా వల కట్టారు గానీ, మధ్యాహ్నం పోటుకి అది నిలవదు. ఏడాదిగా బడిపిల్లలు మేత వేసి పెంచిన చేపలన్నీ సముద్రం పాలవుతాయి. పోటు వచ్చేలోపు గండి పూడాలి.

పెద్దలు ఒడ్డునుంచి గండిదాకా వరసగా నిలబడ్డారు. రాయి చేతిలోంచి చేతిలోకే పోవాలి, కింద పెట్టకూడదు. అది వాళ్ల ఆచారం. నడుము నొప్పి అన్నానని ఆంటీ నన్ను పిల్లల కాపలాకి వేసింది. "నీళ్లవైపు పోనీకు, అంతే."

పిల్లల్ని ఆపడానికి నా దగ్గరున్నది ఒకటే. "మా బందరు కాలువలో ఒక కొరమీను ఉండేది. గట్టెక్కి రైల్వేస్టేషన్‌కి నడిచి వెళ్లేది" అని ఎత్తుకున్నాను. టీసీ టికెట్ అడిగితే నోరు తెరిచిందనీ, నాలుక మీద టికెట్ ఉందనీ, అదీ ఫస్ట్ క్లాసుదనీ చెప్పేసరికి పిల్లలు ఇసుకలో దొర్లారు. తలెత్తి చూస్తే వరసంతా నావైపు తిరిగి ఉంది. అందరి చేతుల్లో రాళ్లున్నాయి. ఒక్కటీ కదలడం లేదు. నీళ్లు మాత్రం కదులుతున్నాయి.

"అంకుల్!" ఆంటీ కేక పెట్టింది. "నీ చేప నా చేపల్ని చంపేట్టుంది!"

సుజాత చేతుల్లోని రాయి వెనక మొహం దాచుకుంది. నేను నోరు మూశాను. పిల్లలు వెంటనే గండివైపు పరుగు తీశారు.

"అయ్యో, చెప్పు, చెప్పు!" అంది ఆంటీ. "ఇలా వచ్చి వరస మధ్యలో నిలబడి చెప్పు. రాయి కదిలితేనే కథ కదలాలి."

ఇక చూడండి! రాయి ఆగితే నేను ఆగేవాణ్ణి. "కదలండ్రా!" అని పిల్లలే పెద్దల మీద అరిచేవారు. వాళ్లూ ఒడ్డువైపు వరసలో దూరి సందులు పూడ్చే గులకరాళ్లు అందించారు. కొరమీను బెజవాడలో దిగింది, కాఫీ తాగింది, పెళ్లిచూపులకి వెళ్లింది. నీళ్లు మోకాళ్లు దాటాయి. కథ అయిపోయింది, గండి పూడలేదు. పెళ్లికూతురికి ఏడుగురు అక్కల్ని పుట్టించి, ఒక్కొక్కరికీ ఒక అలక పెట్టాను. నా నడుము సంగతి నాకే గుర్తులేదు.

ఆఖరి బండ దిగబడి కూర్చుంది. పోటు కెరటం వచ్చి గోడని గుద్ది, వెనక్కి పోయింది.

"చేప ఇల్లు చేరిందా?" అని ఒక చిన్నది అడిగింది. చెప్పబోయాను. అంతలో చెరువు నడుమ ఒక చేప తళుక్కున ఎగిరి పడింది.

"అదే! అదే!" అని పిల్లలంతా గెంతారు. ఒక్క క్షణం నేనూ నమ్మేశాను.

ఆదివారం తిరుగు విమానం. గోళ్ల నిండా మట్టి, ఒంటి నిండా నొప్పులు. ఇంత సంతోషంగా ఎప్పుడూ అలసిపోలేదు. పక్కన పూలచొక్కా ఆయన, "ఏం చూశారు?" అన్నాడు.

"సముద్రంలో గోడ కట్టాం, చేపల్ని కాపాడాం."

"ఊరుకోండి, మరీ కోతలు!" అని నవ్వాడు.

"గోడ అవతల ఒక తిమింగలం వీపు ఆనించి సాయం పట్టింది లెండి."

ఆయన గంభీరంగా తలూపాడు. "ఆ, అలా చెప్పండి! ఇక్కడి తిమింగలాలు మంచివని నేనూ విన్నాను."