పట్టుకోవడానికి ఏమీ లేని బోర్డు

రైల్వే ఉద్యోగానికి పెట్టిన మెడికల్ పరీక్షలో నేను ఫెయిలైన సంగతి మా కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో తెలియని ఇల్లు లేదు. బైకు మీంచి పడ్డాక ఎడమ చీలమండలో ప్లేటు వేశారు. డిప్లొమా ఉంది, రాతపరీక్ష నెగ్గాను, కాలు మాత్రం నెగ్గలేదు. అప్పటినుంచి ఎక్కడికి వెళ్లినా నా వెనక ఒక కుర్చీ వచ్చేది. "కూకో బాబూ, నిలబడకు." కాలు నొప్పికన్నా ఆ మాటే ఎక్కువ బాధించేది. నిలబడతానని చూపించాలనుకున్నాను, అదీ కదిలేదాని మీద.

మా కాలనీ పక్కనున్న ఝపటాపూర్‌లో టెంటు సామాను అద్దెకిచ్చే కొట్టు ముందు ఒక పొడవాటి తెల్లపలకను టీ గ్లాసులు పెట్టే బల్లగా వాడేవారు. సముద్రం దగ్గర మూతపడిన ఏదో లాడ్జి సామానుతో వచ్చిందట. అది విండ్‌సర్ఫింగ్ బోర్డు. తెరచాప లేదు, తెరచాప కొయ్యా లేదు. కొయ్య బిగించే మర గుంట మాత్రం మధ్యలో ఉంది. వెడల్పు చాలు, మందం చాలు, నా బరువు మోస్తుంది. నిలబడి తెడ్డు వేసుకుంటూ పోవడానికి ఇంకేం కావాలి?

పగుళ్లకు ఎపాక్సీ పూశాను. కాళ్లకు అడ్డుపడే పట్టీలు విప్పేశాను. జారకుండా రబ్బరు మ్యాట్ అంటించాను. అడుగున వెనకవైపు రెక్కను మాత్రం ఉంచాను, అది లేకపోతే బోర్డు తిన్నగా పోదు. నా తలకంటే జానెడు ఎత్తుగా అల్యూమినియం గొట్టంతో తెడ్డు చేసుకున్నాను. లైఫ్ జాకెట్ కొన్నాను.

నాన్న డ్యూటీ నుంచి వచ్చి దాని చుట్టూ తిరిగాడు.

"ఏట్రా ఇది?"

"నీళ్ల మీద నిలబడతాను నాన్నా."

"ఏటి పట్టుకుని?"

"ఏటీ పట్టుకోను."

నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. కోచ్ తలుపుల దగ్గర చేతిరాడ్లు బిగించడంలోనే సర్వీసంతా గడిచింది. మనిషి ఎక్కేదానికి రాడ్డు లేకపోవడమంటే ఆయన దృష్టిలో పని సగంలో వదిలేసినట్టు. ఆదివారం పొద్దున్న బజారులో వెల్డింగ్ చేయించిన రాడ్డొకటి తెచ్చాడు. రొమ్మెత్తు, పైన వంపు, పసుపు రంగు. కొయ్య దిగే గుంటలో సరిగ్గా కూర్చుంది. స్పానర్‌తో బిగించి, ఊపి చూసి, "ఇప్పుడు ఎక్కు," అన్నాడు.

అమ్మ వాకిట్లోంచి అంది: "రాడ్డుంటేనే ఎల్లు. నేకపోతే ఆ పలక మీద వడియాలు పెట్టుకుంటాను."

వ్యాన్‌రిక్షా మీద బోర్డు కట్టుకుని ఊరి బయట చేపల చెరువుకు వెళ్లాం. ఆ చెరువు లీజుకు తీసుకున్న బెంగాలీ ఆయన్ని అందరూ దాదా, అంటే అన్నా, అని పిలుస్తారు. ఆయన, వలలున్న మూల వైపు రాకూడదని షరతు పెట్టి, చూడటానికి గట్టు మీదే కూర్చున్నాడు.

ముందు మోకాళ్ల మీద తెడ్డు వేశాను. తర్వాత రాడ్డు పట్టుకుని లేచాను. లేవడం సులువే. కానీ తెడ్డుకు రెండు చేతులూ కావాలి, ఒకటి రాడ్డుకు పోయింది. బోర్డు ఉన్నచోటే గిరగిరా తిరిగింది. కాస్త వాలగానే రాడ్డు మీద బరువు పడింది, బోర్డు అటే ఒరిగింది, రాడ్డుతో సహా నీళ్లలో పడ్డాను. నడుంలోతే.

నాతోపాటు రాడ్డూ పడిందని దాదా నవ్వి నవ్వి దగ్గాడు. "పొడే గేలో! రాడ్ భీ గిర్ గయా!"

"సూసినావా?" అన్నాడు నాన్న. "రాడ్డుంటేనే ఇలగుంది. నేకపోతే ఏటవుద్దో ఆలోసించు."

"రాడ్డే పడేసింది. కోచ్ పట్టాల మీదుంటాది గనక రాడ్డు మనిషిని ఆపుద్ది. ఇది దేనిమీదుంది? స్పానరియ్యి."

"ఇవ్వను."

"అయితే ఇలాగే ఎక్కుతాను. ఇలాగే పడతాను. సాయంత్రం దాకా సూస్తూ కూకో."

ఎక్కాను. పడ్డాను. మళ్లీ ఎక్కాను, ఈసారి రాడ్డు పక్కటెముకలకు కొట్టుకుంది. నేను మూలిగేసరికి నాన్న ప్యాంటు మోకాళ్లదాకా మడిచి నీళ్లలోకి వచ్చాడు. బోర్డును గట్టు దగ్గరికి లాగి, స్పానర్ తీసి రాడ్డు విప్పేశాడు.

గుంటకు రెండువైపులా పాదాలు పెట్టి లేచాను. ఎడమ చీలమండ సన్నగా వణికింది. కిందికి చూస్తే పడతానని తెలుసు, అందుకే అవతలి గట్టు వైపు చూశాను. తెడ్డు కుడివైపు వేశాను, ఎడమవైపు వేశాను. బోర్డు కదిలింది.

"సాలు, ఎనక్కి రా!"

వెనక్కి తిప్పడం నాకు రాదు. వచ్చినా తిప్పేవాణ్ణి కాదు. నాన్న గట్టు వెంట నాకు సమానంగా నడుస్తూ, వలలకు కట్టిన వెదుళ్లు దాటుకుంటూ, ఏదో అంటూనే ఉన్నాడు. నేను అవతలి ఒడ్డుకు చేరేసరికి అక్కడ ఉన్నాడు, రొప్పుతూ.

"పడనేదేటి?"

"పడతాను. మళ్లీ ఎక్కుతాను. దీన్ని అటు తిప్పు."

నాన్న వంగి బోర్డు ముక్కు పట్టుకుని మెల్లగా చెరువు మధ్యకు తిప్పాడు. తిప్పాక కూడా చెయ్యి తీయలేదు.

"కాస్త దూరం పట్టుకోనేటి?"

"వద్దు నాన్నా. ఒగ్గీ."

వదిలేశాడు.