మా నాయన చెవులు

ఆ గిటారాయన పేరు రాయను. రాస్తే మళ్ళీ ఆయనకే పేరొస్తుంది. ఇప్పటికి వచ్చింది చాలు.

కర్నూలు రాజధాని అయిన రోజులవి. ఆఫీసులతో పాటు మద్రాసు నుంచి వచ్చిన గుమాస్తాల్లో ఆయనొకడు. ఇళ్ళు దొరక్క చాలామంది లాగే డేరాలో ఉండేవాడు. సాయంత్రం డేరా ముందు కుర్చీ వేసుకుని గిటారు వాయిస్తుంటే, తుంగభద్ర ఒడ్డుకు షికారు పోయేవాళ్ళు అక్కడే ఆగిపోయేవాళ్ళు. ఒక పెళ్ళిలో మేళం ముగించుకుని వస్తూ నేనూ ఆగాను. మాది కోయిలకుంట్ల. తాతల నాటి నుంచి సన్నాయి తప్ప మరో పని తెలియని ఇల్లు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు.

"వాయించు తమ్ముడూ, నీ శృతికి నేనొస్తా" అన్నాడు. మరలు తిప్పి గిటారు తీగలను నా సన్నాయికి సరిగ్గా దించాడు. ఆ మాటకే పడిపోయాను. సన్నాయికి శృతి కొయ్యలో ఉంటుంది, తొలిచినవాడు ఎంత పెడితే అంతే. తీగలకైతే మరలున్నాయి. మరలున్నవాడు లేనివాడి దగ్గరికి దిగి రావడం మర్యాద. ఆ మర్యాద ఆయన రెండేళ్ళు తప్పలేదు.

మా మేళంలో పాట లేదు, ఉత్త వాద్యాలే. తెల్లవాళ్ళ రికార్డుల్లో ఆయన విన్న ఊగే నడక ఒకటి గిటారు మీద, దాని పైన నా సన్నాయి. కర్నూలు పాత ఊరి సాయిబు ఒకాయన తబలా. మోహన రాగంలో నేనల్లిన ఒక వరస గిటారాయనకు తెగ నచ్చింది. "మరిచిపోతాం తమ్ముడూ" అని దాన్ని కాగితం మీద స్వరాలు రాసుకున్నాడు. ఎంత జాగ్రత్త మనిషో అనుకున్నాను.

మద్రాసులో రికార్డు వేస్తామని కబురు వచ్చింది. సరిగ్గా ఆ వారమే, వేటకని ఏటా ఊళ్ళు తిరిగే అహోబిలం స్వామి పారువేట పల్లకి మా పక్క ఊళ్ళకు రావాలి. పల్లకి ముందు సన్నాయి మా ఇంటిదే. నాయనకు ఉబ్బసం ముదిరినప్పటి నుంచి నేనే వాయిస్తున్నాను. వద్దంటాడేమోనని భయపడుతూ అడిగాను.

"పో నాయనా. పల్లకి ముందర నేను వాయిస్తాలే. నాది గాలిలో పోతాది, నీది రికార్డులో నిలబడతాది" అన్నాడు.

మద్రాసులో ఆయన మొదటి తీగ మీటగానే తెలిసిపోయింది. గిటారు నా శృతికి ఒక మెట్టు పైనుంది.

"దించన్నా" అన్నాను.

"కొత్త తీగలు తమ్ముడూ. ఇప్పుడు దించితే నిలవవు" అన్నాడు, నా వైపు చూడకుండా.

సన్నాయి పీక పెదవులతో నొక్కిపట్టి, ఊపిరంతా పెట్టి పైకి ఎక్కించబోయాను. అరిచింది గానీ కలవలేదు. రికార్డు చేసే ఆయన ముఖం చిట్లించాడు. తబలా సాయిబు చేతిలో సుత్తి కింద పెట్టి, "నాదంటే కొట్టి ఎక్కించుకుంటి. ఆయప్ప కొయ్యను యాడికి సాగదీస్తాడు సార్?" అన్నాడు.

అంతలో తలుపు తీసుకుని క్లారినెట్ పట్టుకున్న ఒకాయన లోపలికొచ్చాడు. చేతిలో కాగితం, దాని మీద నా వరస. ఎక్కడా తడబడకుండా వాయించాడు. ఆ కాగితం ఆయనకు ఎన్నాళ్ళ క్రితం అందిందో మరి!

నమ్మించి గొంతు కోయడమంటారు. గొంతు కోస్తే అరుపైనా వస్తుంది, నాకు అదీ రాలేదు. సన్నాయిని సంచిలో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. ఆ మనిషి మీద కోపం ఈనాటికీ చావలేదు, నేను చావనివ్వను కూడా.

ఇంటికొచ్చేసరికి నాయన మంచం మీదున్నాడు. పల్లకి ముందు మూడు ఊళ్ళు వాయించేసరికి ఆయాసం కమ్మేసిందట.

"వాయించినావా?" అన్నాడు.

"వాయించినా" అన్నాను. ఆ మంచం పక్కన నిలబడి ఇంకేం చెప్పను?

కొన్ని నెలలకు మా ఊరి హోటలాయన ఆ రికార్డు కర్నూలు నుంచి తెచ్చాడు. నాయన తలపాగా చుట్టుకుని మరీ వచ్చి గ్రామఫోను పక్కన కూర్చున్నాడు. నా వరస మొదలవగానే తొడ మీద తాళం వేశాడు. నాలుగు ఆవర్తాలు తిరిగాక చెయ్యి ఆగింది.

"ఇంకోతూరి ఎయ్యప్పా" అన్నాడు. హోటలాయన మళ్ళీ వేశాడు. ఆపైన ఇంకోసారి.

"వరస నీదే. కానీ నీ సన్నాయి నాకు క్లారినెట్ మాదిరి వినపడతాండాదేమిరా?"

చెప్పాల్సింది అప్పుడే. హోటలు నిండా మా ఊరివాళ్ళు నన్నే చూస్తున్నారు.

"నా చెవులు పోయినట్టుండాయి" అని ఆయనే నవ్వాడు. కొడుకు అబద్ధమాడాడన్న అనుమానమే ఆ మనిషికి రాలేదు.

"వయసు కదా నాయనా" అన్నాను.

మరుసటి ఏడు ఆయాసం కాస్త నెమ్మదించింది. అయినా నాయన సన్నాయి ముట్టలేదు. "శృతి తెలియనోడు సామి ముందర ఊదగూడదు" అని తన సన్నాయి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ తర్వాత పదేళ్ళు బతికాడు.

ఆ పదేళ్ళూ నేను ఇంట్లో సాధన చేస్తూ ఏ స్వరమైనా వెంట్రుకవాసి జారితే, వసారాలోంచి ఠక్కున దగ్గేవాడు. ఆ వెంటనే, "నువ్వు సరిగ్గానే వాయించింటావులే నాయనా, నా చెవులే" అనేవాడు.

నేను మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకునేవాణ్ణి.