రెగ్ కొట్టిన ఒక్క గోలూ, హొరేస్ పెన్సిలూ

అచ్చయిన కాగితం చేతికొస్తే పెన్సిల్‌తో దిద్దకుండా ఉండలేకపోవడం హొరేస్ ఓల్డ్‌రాయిడ్‌ జబ్బు. దీనికి మందు లేదని ఆయన భార్య ఎనిడ్ పెళ్లి పూటే గ్రహించింది. చర్చిలో పంచిన కాగితంలో 'వివాహం పదకొండు గంటలకు' అని ఉంటే, పెళ్లికొడుకు పాదిరి గారి ఎదుటే అది కొట్టేసి 'పదకొండూ ఏడు' అని రాశాడు. పక్కనే 'ఆలస్యానికి కారణం: పెళ్లికూతురు' అని కూడా చేర్చాడు.

ఈ జబ్బు ఆయనకి హార్ల్‌బీ టౌన్ ఫుట్‌బాల్ మైదానంలో అంటుకుంది. హార్ల్‌బీ ఎప్పుడూ కింది డివిజన్‌లోనే ఆడేది, అందులోనూ అట్టడుగున. ఆట రోజు గేటు దగ్గర అమ్మే ప్రోగ్రాం పుస్తకంలో ఆటగాళ్ల పేర్లు బుధవారమే అచ్చయిపోయేవి. శనివారానికి ఒకడికి కాలు బెణికేది, ఇంకొకడికి జ్వరం తగిలేది. మైకులో మార్పులు చెబుతుంటే జనమంతా పేర్లు కొట్టేసి దిద్దుకునేవారు. ఆట మొదలవగానే అందరూ పెన్సిల్ జేబులో పెట్టుకునేవారు. హొరేస్ పెట్టుకోలేదు, అంతే.

హోటల్‌కి వెళ్తే మెనూలో 'తాజా చేప' అన్నచోట 'తాజా' కొట్టేస్తాడు. తిన్నాక 'చేప' పక్కన ప్రశ్నార్థకం పెడతాడు. ఒక పుట్టినరోజుకి ఎనిడ్ 'ప్రపంచంలోకెల్లా మంచి భర్తకి' అని అచ్చేసిన కార్డు కొనిచ్చింది. హొరేస్ కళ్లు చెమర్చాయి. తుడుచుకుని, 'ప్రపంచంలోకెల్లా' కొట్టేసి 'మా వీధిలోకెల్లా' అని రాశాడు.

"వీధిలోనా?" అంది ఎనిడ్.

"బేసి నంబర్ల వైపు," అన్నాడు. "అవతలి వైపు మగవాళ్ల సంగతి నాకు సరిగ్గా తెలీదు."

అలాంటి మనిషికి క్లబ్బు సెక్రటరీ ఒక పని అప్పజెప్పాడు. క్లబ్బుకి నూరేళ్లు నిండిన సందర్భంగా ప్రత్యేక ప్రోగ్రాం వేస్తున్నారు. అందులో పాత ఆటగాళ్ల పట్టిక ఉంటుంది: పేరు, ఆడిన ఆటలు, కొట్టిన గోల్స్. పాత ప్రోగ్రాములన్నీ హొరేస్ వెనకగదిలోనే ఉన్నాయి కాబట్టి ఆయన సరే అన్నదే అచ్చవుతుంది.

ఈ కబురు విన్న రాత్రి నుంచి రెగ్ టాటర్సాల్‌కి నిద్ర లేదు. రెగ్ ఒకప్పుడు హార్ల్‌బీకి ఎడమ వైపు గోలు కాపు కాసే బ్యాక్. రెండు వందల పధ్నాలుగు ఆటల్లో ఒకే ఒక్క గోల్ కొట్టాడు. 1961 నవంబరులో విట్‌కోమ్ మీద, జోరు వానలో కొట్టిన ఆ గోలుని యాభై ఏళ్లుగా క్లబ్బు బార్‌లో కొడుతూనే ఉన్నాడు. గిట్టనివాళ్లు మాత్రం అది రెగ్‌ది కాదు, అవతలివాడి మోకాలికి తగిలి లోపలికి దొర్లిందంటారు. ఆనాటి పేపరువాడు 'గోలు ముందు గలాటాలో' అని రాసి చేతులు దులుపుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం రెగ్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు.

"ఒరేయ్ హొరేస్, సున్నా వేస్తే వేశావు గానీ ముందే చెప్పరా. శనివారం నా మనవలు వస్తున్నారు, తాత గోలు గురించి మైకులో చెబుతారని. వద్దని చెప్పేస్తాను."

"ప్రోగ్రాం ఏం చెబితే అది," అన్నాడు హొరేస్, లేస్తూ.

ఎనిడ్ గుండెల్లో రాయి పడింది. మొగుడు పోయి, యాభై ఏళ్ల కాపురమని ఏడుస్తున్న ఆవిడని 'నలభై తొమ్మిదేనమ్మా' అని ఓదార్చిన మనిషి ఈయన.

వాననీటికి ఉబ్బి అప్పడంలా అయిన ఆనాటి ప్రోగ్రాం వెనకగదిలోంచి తెచ్చాడు హొరేస్. అట్ట మీద బొగ్గుల కొట్టు ప్రకటన, మధ్య పేజీలో రెండు జట్లు. మేనేజరు రాసిన 'ఉత్కంఠభరితమైన పోటీ'లో 'ఉత్కంఠభరితమైన' కొట్టేసి ఉంది. అడుగున పెన్సిల్ రాత.

"డెబ్భై మూడో నిమిషం," చదివాడు హొరేస్. "కార్నర్." ఆగాడు. కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "టాటర్సాల్. తలతో."

"తలతోనేనా?"

"తలతోనే."

"ఒకసారి చూడనీరా."

"ముట్టుకోకు. పొడైపోతుంది."

రెగ్ గట్టిగా ముక్కు చీదుకుని, ఎనిడ్ పెట్టిన కేకులో తన ముక్కా హొరేస్ ముక్కా తినేసి వెళ్లిపోయాడు. ఎనిడ్ ప్రోగ్రాం అందుకుంది. '73 ని. సెల్ఫ్ గోల్. వాళ్ల అయిదో నంబరు, ఎడమ మోకాలు. టాటర్సాల్ అప్పటికే బురదలో బోర్లా పడి ఉన్నాడు.'

"హొరేస్. ఇక్కడ మోకాలని ఉంది."

"కళ్లజోడు లేదు."

"ముక్కు మీదే ఉంది."

"అయితే తుడుచుకోలేదేమో. టీ ఏమైనా ఉందా?"

ఎనిడ్‌కి ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. చెబితే దిద్దుతాడని ఊరుకుంది.

శనివారం ఆట విరామంలో పాత ఆటగాళ్లని మైదానం మధ్యకి పిలిచారు. రెగ్ మనవలు ముందు వరసలో కూర్చున్నారు. "టాటర్సాల్, రెండు వందల పధ్నాలుగు ఆటలు, ఒక గోలు," అని మైకువాడు చదివాడు. "ఎలా కొట్టారో చెప్పండి సార్."

రెగ్ మైకు అందుకున్నాడు. మనవల్ని చూశాడు. ఇక ఆగలేదు. "నలభై గజాల నుంచి," అన్నాడు. "తలతో."

మైదానమంతా ఘొల్లుమంది. "నలభై గజాలు తలతోనా? హొరేస్‌ని అడగండి," అని వెనక నుంచి ఎవరో అరిచారు. వేల తలలు ఒక్కసారి హొరేస్ వైపు తిరిగాయి, మనవల తలలు కూడా. రెగ్ చేతిలో మైకు కిందికి జారింది.

హొరేస్ లేచాడు. ఎనిడ్ ఆయన కోటు పట్టుకుని లాగింది. ఫలితం లేదు.

"నలభై కాదు," అన్నాడు హొరేస్.

రెగ్ తల వంచుకున్నాడు.

"నలభై రెండు. అదీ ఎదురుగాలిలో."

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మనవలు కంచె మీంచి దూకి తాత దగ్గరికి పరుగెత్తారు. హొరేస్ కూర్చుని, పెన్సిల్ జేబులో పెట్టుకున్నాడు.

"అబద్ధమాడితే ఆడావు," అంది ఎనిడ్ చెవిలో. "మళ్లీ పైన రెండు గజాలెందుకు?"

"నలభై రౌండ్ ఫిగర్," అన్నాడు హొరేస్. "ఎవరూ నమ్మరు."