ప్లగ్గు రంధ్రంలో ఆముదం

నిన్న అమలాపురంలో మా మనవడి బండి ప్లగ్గు ఊడదీసి, మెకానిక్కు ఆ రంధ్రానికి గాలి ఒత్తిడి కొలిచే మీటరు బిగించాడు. ముల్లు సగంలోనే ఆగింది. లోపల కాస్త ఆయిల్ పోసి మళ్లీ కిక్కు కొడితే పైకి లేచింది. "రింగులు అరిగిపోయేయండీ," అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మన చిన్నప్పుడు మీటరెక్కడిది? ఆ రంధ్రం మీద బొటనవేలు నొక్కిపెట్టేవారు, గుర్తుందా? కిక్కు కొడితే గాలి వేలిని ఎగరగొట్టాలి. అప్పుడే ఇంజను గట్టిదని నమ్మేవారు. అరిగిన ఇంజనైనా చిక్కటి నూనె పోస్తే కాసేపు గాలి కారదు.

ముక్తేశ్వరంలో మా నాన్నగారు మోటారు సైకిలు అమ్మకానికి పెట్టిన రోజు, అమ్మ నా తలకి రాయడానికి తీసిన ఆముదం గిన్నె ఆయనే పట్టుకెళ్లి ప్లగ్గు రంధ్రంలో ఒంపేశారు. కొత్తపేట నుంచి కొబ్బరికాయల వ్యాపారి ఒకాయన వచ్చి వేలు పెట్టారు. వేలు ఎగిరిపడింది. నవ్వుతూనే దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఆముదం వాసనొస్తోందేంటండీ?"

"మా అమ్మాయండీ. ఇప్పుడే తలకి రాసుకుని అదే చేత్తో బండంతా తడిమేసింది," అన్నారు నాన్నగారు, నా వైపు చూడకుండా.

"ఆయ్, చిన్నపిల్లలు కదండీ," అంటూ ఆయన నా తల నిమిరారు. జుట్టు ఎండిపోయి పీచులా ఉంది. ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆయన వేలు కండువాకి తుడుచుకున్నారు. "మళ్లీ వస్తానండీ," అని వెళ్లిపోయారు.

మర్నాటి నుంచి నేను రోజూ నుదుటి మీదకి కారేలా ఆముదం రాయించుకునేదాన్ని. ఆయన మళ్లీ వస్తే నాన్నగారి మాట నిజమవ్వాలని.