లక్షన్నర చుట్లకు లొంగిన పాలిష్ పెద్దాయన

శ్రమజీవి అనగానే ఋషి ముఖం తగిలించడం మనకో అలవాటు. నలభై ఏళ్లుగా నేలలకు పాలిష్ పడుతున్న ఈ పెద్దాయనకు ఆ ముఖం బొత్తిగా అతకదు. ఒట్టి మొండిఘటం. ఇంట్లో ఎవరైనా స్టూలు ఈడ్చితే చాలు, "గీత పడుతుంది, ఎత్తి పెట్టు!" అని వీధి చివరి దాకా వినబడేలా అరిచేవాడు.

అరవై నాలుగో ఏట ఆ గొంతు పడిపోయింది. నాలుగు మెట్లెక్కితే చాలు, ఛాతీ మీద బండ పెట్టినట్టుండేది. నొప్పి ఎడమ దవడ దాకా లాగేది. పరీక్ష చేస్తే గుండె ముందువైపుకు రక్తం తీసుకెళ్లే నాళం సున్నం పేరుకుని గట్టిపడిపోయిందని తేలింది. బెలూన్ పంపి ఉబ్బించారు. బెలూన్ పగిలింది, నాళం మాత్రం విచ్చుకోలేదు. విచ్చుకోనిచోట స్టెంటు పెట్టి లాభం లేదు. అది పూర్తిగా మూసుకుపోతే ఆస్పత్రికి తెచ్చే వ్యవధి కూడా ఉండకపోవచ్చని భార్యకు విడిగా చెప్పారు.

"ఆ సున్నాన్ని లోపలినుంచే అరగదీయాలి," అంది డాక్టరమ్మ. "వజ్రపు పొడి అద్దిన చిన్న గింజ ఉంటుంది. దాన్ని సన్నటి తీగ మీదుగా పంపి తిప్పుతాం. నిమిషానికి లక్షన్నర చుట్లు."

ఇంకొకరైతే భయపడేవారు. ఈయనకు ఒళ్లు మండింది.

"లక్షన్నరా? నా మెషిన్ వెయ్యి దాటితేనే రాయి మాడుతుంది. నీళ్లెవరు పోస్తారు?"

"సెలైన్ పోతూనే ఉంటుంది."

"నొక్కేదెవరు?"

"ఎవరూ నొక్కరు. తాకించడం, వెనక్కి లాగడం. ఒక్కో విడత ఇరవై సెకన్లు, అంతే."

"అందరూ ముందు అలాగే అంటారమ్మా, పనిలో దిగాక నొక్కుతారు. ఏదీ, ఒక మూల పట్టి చూపించండి."

ఆయన పనిలో అదొక పద్ధతి. గది మూలలో జానెడు నేల పాలిష్ పట్టి చూపించాలి. నచ్చితేనే మిగతా గది.

"గుండెలో మూల ఎక్కడుంది పెద్దాయనా?" డాక్టరమ్మ తల పట్టుకుంది.

అలా రెండుసార్లు స్ట్రెచర్ మీదినుంచి దిగి ఇంటికొచ్చేశాడు. ఒకసారైతే ఆస్పత్రి గౌనుతోనే గేటు దాటాడు. కూతురు చెప్పులు పట్టుకుని వెనకాల పరుగెత్తింది.

"ఏమండీ, ఇన్నేళ్లలో మీ మెషిన్ విప్పి చూపించమని ఒక్కడైనా అడిగాడా?" భార్య సహనం అడుగంటింది. "మీకేమో వాళ్ల సామానంతా పరిచి చూపించాలి! పెళ్లిచూపులా?"

"నేల పాడైతే ఇంకో నేల వేస్తారే. దీన్ని ఎక్కడినుంచి తెస్తారు?"

"మరి పాడైందనేగా వాళ్లంటున్నది! నాన్నా, నీకో దండం," అంది కూతురు.

మూడోసారి డాక్టరమ్మ వాదించలేదు. విద్యార్థులకు చూపించడానికి ఉంచిన పాత గింజను తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది. బియ్యపు గింజకన్నా చిన్నది. పెద్దాయన కళ్లజోడు సవరించుకుని, బొటనవేలితో మెల్లగా తడిమాడు.

"ముందు సగమే గరుకుగా ఉంది. వెనక సగం నున్నన. ముందుకెళ్లి, వెనక్కి రాలేక ఇరుక్కుంటే?"

డాక్టరమ్మ దాచలేదు. "ఇరుక్కోవచ్చు. అరుదే గానీ జరుగుతుంది. అందుకే చిన్న సైజుతో మొదలెడతాం. అందుకే నొక్కం."

"ఈ ముక్క మొదటిరోజే చెప్పుంటే మీకూ నాకూ ఇన్ని తిప్పలు ఉండేవి కావు," అని సంతకం పెట్టేశాడు. భార్య గోడవైపు తిరిగి కళ్లు ఒత్తుకుంది. కోపంతోనే అని ఇప్పటికీ అంటుంది.

ఈ పని మత్తు లేకుండానే చేస్తారు. కదలొద్దని ఆయనకు మూడుసార్లు చెప్పారు. మోటారు సన్నగా కూత పెట్టింది. రెండో విడతలో ఆ కూత కాస్త బరువెక్కింది. అంతే, పెద్దాయన కుడిచెయ్యి గాల్లోకి లేచింది. మెషిన్ హోరులో మాట వినబడదు కనుక, ఆయన పనివాళ్లలో చెయ్యెత్తితే ఆపమని అర్థం. ఆ చెయ్యి ఒంటిమీద పరిచిన శుభ్రమైన గుడ్డను లాగేసింది.

"పెద్దాయనా! చెయ్యి దించండి!"

"నొక్కుతున్నారు!"

చదువురాని పనివాడు డాక్టరుకు పాఠం చెప్పిన కథ కావాలనుకునేవారు వేరేచోట వెతుక్కోవాలి. వేగం తగ్గిందని తెర చూస్తున్న టెక్నీషియన్ అప్పటికే అన్నాడు, డాక్టరమ్మ అప్పటికే గింజను వెనక్కి లాగేసింది. పెద్దాయన సాధించిందల్లా పది నిమిషాల ఆలస్యం. గుడ్డలన్నీ మార్చారు.

"ఇంకోసారి లేపితే ఆపేసి పంపించేస్తా. చెవులు నాకూ ఉన్నాయి," అంది డాక్టరమ్మ.

ఆయన రెండు చేతులూ తనే నడుము కిందకి దోపుకుని, వాటి మీద పడుకున్నాడు. ఇంకో ఐదు విడతలు. కూత బరువెక్కినప్పుడల్లా పళ్లు బిగించాడు, చేతులు మాత్రం కదల్లేదు. జీవితంలో ఇంకొకరి మెషిన్ మీద నోరెత్తకుండా ఉండటం ఆయనకదే మొదటిసారి. ఆ తర్వాత బెలూన్ నిండుగా విచ్చుకుంది. స్టెంటు కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం వార్డులో డాక్టరమ్మ చెయ్యెత్తిన సంగతి చెబుతుంటే, భార్య అందుకుంది. "గుండె కోస్తున్నా మేస్త్రీగిరీ మానరా మీరు?"

"కొయ్యలేదే, అరగదీశారు."

అంతలో ఆయా పక్క మంచం దగ్గరి ఇనప స్టూలును కాలితో ఈడ్చింది.

"గీత పడుతుంది, ఎత్తి పెట్టు!"

వార్డంతా ఉలిక్కిపడింది. భార్య నుదురు కొట్టుకుంది.

"వచ్చేసింది గొంతు. డాక్టరమ్మా, కొంచెం ఎక్కువే అరగదీసినట్టున్నారు."