ఆదివారం వండిన పిడికెడు బియ్యం

ఇన్నేళ్లూ ఈ మాటను గొంతులోనే పెట్టుకుని బతికాను. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ అది కదులుతుంది. మా ఆయనకు చెప్పలేదు. ప్రార్థనలో కూడా దాని చుట్టూ తిరిగి వచ్చానే తప్ప నోరు తెరిచి చెప్పుకోలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

ఎనభైల చివరి మాట. షోలాపూర్‌లో కుమఠా నాకా దగ్గర వరస గదుల్లో ఉండేవాళ్లం. మా క్రైస్తవుల ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. వంటకు బియ్యం తీసినప్పుడు ముందుగా ఒక పిడికెడు పక్కన పెట్టాలి. అది లేనివాళ్లది. శనివారం రేకు డబ్బా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోగు చేసేది నేనే. ఆ పని నాకు అప్పజెప్పారని లోలోపల గర్వం కూడా ఉండేది. పక్క గది నర్సవ్వ మా మతం కాదు, పద్మశాలీల ఆడబిడ్డ. నాతో కూర్చుని బీడీలు చుట్టేది. "మీ దేవునికి మా బియ్యం అరుగుతయా వదినె?" అని నవ్వుతూనే తనూ ఓ పిడికెడు వేసేది.

ఒకసారి ఆమె భర్త పనిచేసే పవర్‌లూమ్ కార్ఖానా మూతపడింది. ఆ శనివారం పోగైన డబ్బా బియ్యం నర్సవ్వకు ఇవ్వమని మా పాస్టరు అయ్యగారు నాతో చెప్పారు. సరేనన్నాను. మర్నాడు ఆరాధన అయ్యాక మా ఇంట్లోనే భోజనం చేస్తానన్నారు.

ఇంట్లో బియ్యం అయిపోయాయి, జొన్నపిండి ఉంది. మేము ఎక్కువగా తినేది భాకరే, జొన్నరొట్టె. ఆయనకూ అదే పెడితే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు, సంతోషంగా తినేవారు. కానీ అయ్యగారికి జొన్నరొట్టె పెట్టిందని నలుగురూ అనుకుంటారేమోనని నాకు నామోషీ. ఆకలికి తాళలేక చేశానని చెప్పుకుందామన్నా వీల్లేదు. డబ్బా మూత తీశాను. సోమవారం కొని నింపేద్దాంలే అనుకున్నాను.

నాలుగిళ్ల బియ్యం కలిస్తే ఒక్కతీరుగా ఉడకదు. సన్నవి మెత్తబడ్డాయి, దొడ్డువి పలుకుగా మిగిలాయి. అలాగే వడ్డించాను. అయ్యగారు ప్రార్థన చేశారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే. నా గొంతు కొంచెం కూడా తడబడలేదు. ఎట్లా వచ్చింది నాకా గొంతు?

కళ్లు తెరిచేసరికి గడపలో నర్సవ్వ ఉంది. కొంగులో ఏదో మూట పట్టుకుంది.

"నిన్న మా ఇంటికి రాకనే పోతివి వదినె. గిదిగో, నా పిడికెడు."

వాళ్ల దగ్గర ఏముంటుందిలే అని శనివారం నేను ఆ గడప తొక్కలేదు.

అయ్యగారు ఆమెను ఆప్యాయంగా అడిగారు. "బియ్యం అందినయా అమ్మా?"

ఏ బియ్యమో నర్సవ్వకు తెలియదు. ఆయన్ని చూసింది. ఆయన కంచం చూసింది. అందులో రేషన్ దొడ్డు బియ్యం సన్నబియ్యం మధ్య కనబడుతూనే ఉంది, అది నాలుగిళ్ల డబ్బా బియ్యమేనని. తర్వాత నా మొహం చూసింది. అంతా అర్థమైపోయిందని నాకు తెలిసింది. చెప్పేస్తుంది అనుకున్నాను.

"అందినయ్ అయ్యగారూ. మస్తు అయినయ్" అంది.

కొంగులోని బియ్యం నా చేతిలో పోసి వెళ్లిపోయింది.

ఎందుకట్లా అంది? నన్ను కాపాడిందా? నాతో ఏం మాట్లాడినా దండగే అనుకుందా? సోమవారం బియ్యం కొనుక్కుని వాళ్లింటికి వెళ్లాను. "మీ డబ్బాలనే పోసుకో" అని తలుపు దగ్గరికి వేసింది. కొన్నాళ్లకు వాళ్లు మగ్గాల పని వెతుక్కుంటూ భివండి వెళ్లిపోయారు. వెళ్లే రోజు వాళ్ల బిందెలు రిక్షాలోకి అందించాను. నోటిదాకా వచ్చిన మాట మాత్రం మింగేశాను.

అయ్యగారు కూడా పోయారు. ఇప్పటికీ వంటకు ముందు నా చెయ్యి దానంతటదే పిడికెడు తీసి పక్కన పెడుతుంది. అది భక్తో, భయమో, ఉత్త అలవాటో నాకు తెలియదు. కానీ ఆ రోజు అయ్యగారు అడిగిన మాటకు జవాబు చెప్పాల్సింది నర్సవ్వ కాదు, నేను. ఇప్పుడు చెప్తున్నాను.

అందలేదు అయ్యగారూ. మీకు వండి పెట్టింది ఆ బియ్యమే. నేనూ తిన్నాను.