మావయ్య వచ్చేదాకా

అమ్మ నా స్నేహితురాలు అంటే నవ్వుతారేమో. ఈమధ్య ప్రతివాళ్లూ అదే మాట అంటున్నారు కదా. కానీ మేమిద్దరం తల్లీకూతుళ్లలా ఉన్న రోజులు నిజంగానే తక్కువ. నాన్న పోయాక అమ్మ నిడదవోలులో మా ఇంటికి వచ్చేసింది. సాయంత్రం నేను బడిలో పాఠాలు చెప్పి రాగానే ఇద్దరం పెరటి మెట్ల మీద కూర్చునేవాళ్లం. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తెలిసినవాళ్లందరినీ తూర్పారపట్టేవాళ్లం. ఎవరింట్లోనైనా పెళ్లికి వెళ్లొస్తే, ఆ పెళ్లి మా మెట్ల మీద వారం పాటు మళ్లీ జరిగేది. వంకాయ కూరలో ఉప్పు దగ్గర్నుంచి పెళ్లికొడుకు మేనత్త మూతి విరుపుల దాకా ఏదీ వదిలేవాళ్లం కాదు.

నా రహస్యాలు మాత్రం అమ్మ దగ్గర నిలిచేవి కావు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఒళ్లు తగ్గాలని రాత్రిపూట అన్నం మానేశాను, ఎవరికీ చెప్పకే అంటే, తెల్లారేసరికి పాలవాడికి కూడా తెలిసిపోయింది. "అమ్మాయిగారు చిక్కారండీ అన్నాడే పాపం. సంతోషించక నా మీద ఎగురుతావేంటి?" అని నన్నే దెప్పింది.

తన రహస్యం మాత్రం నా దగ్గర భద్రంగా ఉండేది. ఆవిడకున్నది ఒకటే. అమ్మకీ, పాలకొల్లు దగ్గర పల్లెలో ఉండే మా మావయ్యకీ మాటల్లేవు. ఆయన అమ్మకి ఒక్కడే తమ్ముడు. అందరూ పొలం తగాదా అనుకున్నారు. మా గోదావరి జిల్లాల్లో తోడబుట్టినవాళ్లు మాట్లాడుకోకపోతే ఇంకో కారణం ఎవరికీ తట్టదు. అసలు సంగతి నాకు తెలుసు.

అమ్మమ్మ పోయినప్పుడు కబురందగానే అమ్మ ప్యాసింజరు రైలెక్కింది. ఆ రైలు భీమవరంలో ఆగి ఎంతకీ కదల్లేదు. అక్కణ్నుంచే మావయ్యకి ఫోన్ చేసి, "నేనొచ్చేదాకా తియ్యకండ్రా" అంది. "సరే అక్కా" అన్నాడట. ఆవిడ ఆటో దిగేసరికి ఇల్లు కడుగుతున్నారు. వర్జ్యం వచ్చేస్తోందని ఊళ్లో పెద్దలు తొందరపెట్టారట. మావయ్య ఏడుస్తూ ఎదురొచ్చాడు. అమ్మ ఆ తడి గచ్చు మీద కాసేపు నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా వెనక్కి వచ్చేసింది.

"వాడి ఏడుపు నాకెందుకే? నాకు మా అమ్మ మొహం కావాలి" అనేది నాతో.

ఆ తర్వాత పుట్టింటి వైపు మనుషులు ఎవరు కనబడినా ఊరుకునేది కాదు. వానల గురించీ, రొయ్యల ధర గురించీ మాట్లాడి మాట్లాడి మెల్లగా అక్కడికే వచ్చేది. "మా అమ్మని చూశావా? మొహం ఎలా ఉంది?" అని అడిగేది. నిద్రపోయినట్టే ఉందమ్మా అని చెప్పేవారు అందరూ. వాళ్లు వెళ్లాక నా వైపు తిరిగి, "ఎవరు చచ్చినా అదే మాట. మా అమ్మ నిద్రపోతే గురకకి పిల్లులు పారిపోయేవి, వీళ్లకేం తెలుసు?" అనేది. ఇద్దరం నవ్వేవాళ్లం. నవ్వుతూనే ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకునేది.

"స్నానం చేయించింది మావయ్యేగా, ఆయన్నే అడగొచ్చుగా" అన్నాను ఒకసారి.

"వాణ్ణా? చచ్చినా అడగను. ఇంకో మాట, నేను పోయాక వాడికి కబురు పెట్టకు. వాడంతట వాడొచ్చినా నా మొహం చూపించకు. ఏదీ, చేతిలో చెయ్యెయ్యి."

చిక్కుడుకాయలు ఒళ్లో ఉండగానే చెయ్యి వేశాను. మాటవరసకి అన్నంత తేలిగ్గా వేశాను.

ఈ వానాకాలంలో అమ్మ పోయింది. పొద్దున్నే కాఫీ తాగి, పంచదార ఎక్కువైందని నన్ను కసిరి, వాలుకుర్చీలో వెనక్కి వాలింది. కాసేపయ్యాక గ్లాసు తియ్యడానికి వెళితే పలకలేదు. డాక్టరు వచ్చి మణికట్టు పట్టుకుని చూసి, ఆ చెయ్యి మెల్లగా కుర్చీ మీద పెట్టేశాడు. నేను ఆ గ్లాసు కడుగుతూ ఉండిపోయాను. ఎవరో వచ్చి కుళాయి కట్టేశారు.

చెప్పవలసినవాళ్లందరికీ నేనే ఫోన్లు చేశాను. మావయ్యకి చెయ్యలేదు. ఎవరి ద్వారానో తెలిసి, మధ్యాహ్నం ఆయనే చేశాడు. ఎన్నో ఏళ్లకి విన్న గొంతు, ముసలిదైపోయింది.

"బయల్దేరానమ్మాయ్. నేనొచ్చేదాకా తియ్యకండి తల్లీ."

అమ్మ భీమవరం నుంచి అడిగిన మాటే. నేను సరే అనలేదు. ఫోన్ పెట్టేశాను.

మూడయ్యేసరికి మబ్బు దట్టంగా పట్టింది. మా పెదనాన్నగారు అరుగు మీద కూర్చోలేక, నిలబడలేక హడావిడి పడుతున్నారు. "రేపు శనివారం. చీకటి పడే లోపల కానిచ్చెయ్యాలమ్మా. వానొస్తే కట్టెలు కూడా అంటుకోవు" అన్నారు. పక్కింటి పిన్నిగారు, "పుట్టింటి చీర రావాలి కదండీ, అది లేకుండా ఎలా పంపిస్తారు?" అని నసిగింది. ఇంకెవరో, బజార్లో ఒకటి కొనుక్కొచ్చి కప్పేద్దామన్నారు. నా ఫోన్ అందుకుని వచ్చిన అన్నయ్య దగ్గరకి చేరి, "నువ్వు చెప్పు. అమ్మ సంగతి నాకంటే నీకే తెలుసు" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, నాకూ కోపమే. మావయ్య వచ్చేసరికి మేమూ ఇల్లు కడుగుతూ ఉండాలనీ, ఆయన కూడా ఆ తడిలో నిలబడి చూడాలనీ గట్టిగా అనిపించింది. నేను మాటిచ్చింది తల్లికి మాత్రమే అయితే ఎలాగో సర్దిచెప్పుకునేదాన్ని. స్నేహితురాలికి ఇచ్చాను. అది తప్పితే నేను ఆవిడకి ఏమవుతాను?

అమ్మ తల దగ్గర కూర్చున్నాను. ఐసుపెట్టె అద్దం మీద పట్టిన చెమ్మని మాటిమాటికీ కొంగుతో తుడుస్తున్నాను. పొద్దుట్నుంచీ చేస్తున్న పని అదొక్కటే. ఎవరైనా పలకరించినా తల తిప్పడం లేదు. కాస్త చెమ్మ పట్టి మొహం మసకబారితే ప్రాణం పోయినట్టుగా ఉంది. అలా తుడుస్తూ తుడుస్తూ ఉండగా, ఈ మొహం నాకు చూపించకుండా తీసుకెళ్లిపోయి ఉంటే అన్న ఆలోచన వచ్చింది. అమ్మ ఇన్నేళ్లూ దీంతోనే బతికింది. నా పక్కనే కూర్చుని నవ్వుతూ, తింటూ, ఊరందరినీ తిడుతూ దీంతోనే బతికింది. అది మనిషిని ఎలా తినేస్తుందో దగ్గరుండి చూసినదాన్ని. అలాంటిదాన్ని ఇంకో మనిషికి నా చేత్తో పెట్టలేకపోయాను. అమ్మ నన్ను క్షమిస్తుందని కాదు. క్షమించకపోయినా సరే అనుకున్నాను.

"ఆగుదాం" అన్నాను.

"ఎంతసేపమ్మా?" అన్నారు పెదనాన్నగారు.

"మావయ్య వచ్చేదాకా."

"పొలం తగాదా పడి మీ అమ్మతో మాటలు మానేసిన మనిషి కోసమా? ఇన్నేళ్లూ ఆయన ఈ గుమ్మం తొక్కలేదన్న సంగతి మర్చిపోయావేంటి? రేపు శనివారమంటే నీకు అర్థమవుతోందా?"

"శనివారమైతే శనివారమే అవనివ్వండి పెదనాన్నగారూ!"

ఆయన ముందు నేను గొంతెత్తడం అదే మొదలు. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయారు. సన్నగా జల్లు మొదలైంది. అన్నయ్య మనుషుల్ని పంపి కాలవగట్టు శ్మశానంలో కట్టెల మీద టార్పాలిన్ కప్పించాడు.

ఇంకా వెలుగుండగానే మావయ్య వచ్చాడు. మోకాళ్ల దాకా బురద, చంకలో చీర కవరు. గేటు తీసుకుని లోపలికి రాలేదు. వానలో తడుస్తూ అక్కడే నిలబడి, నేను రానిస్తానో లేదోనని నా మొహం చూస్తున్నాడు.

"లోపలికి రా మావయ్యా" అన్నాను.

పెట్టె మూత తీశారు. ఆయన చీర నా చేతికిచ్చి, గోడ పట్టుకుని మెల్లగా కింద కూర్చున్నాడు. గొల్లుమంటాడని అందరూ అనుకున్నారు. ఆయన అమ్మ చెవి దగ్గరకి వంగాడు. తల దగ్గరే ఉన్నాను కాబట్టి నాకు వినబడింది.

"అక్కా, నువ్వు ఊరందర్నీ అడుగుతున్నావని తెలుసు. నన్ను కూడా ఎప్పుడో అడుగుతావని చూశాను. నేనే వచ్చి చెప్పేద్దామంటే నీ గుమ్మం తొక్కే ధైర్యం లేకపోయింది."

తడిసిన చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"అమ్మ మొహం నిద్రపోయినట్టు లేదక్కా. నోరు కొంచెం తెరుచుకునే ఉంది, ఎంత మూసినా మూతపడలేదు. నువ్వు పండక్కి తెచ్చిన నేత చీరే కట్టాం. తల నేనే దువ్వాను, నాకు పాపిడి తియ్యడం రాక వంకర పోయింది. ఎడం కన్ను సగం తెరిచే ఉంది, గుమ్మం వైపు. నీకోసమేనని నాకు తెలుసు. వాళ్లు లేపండి లేపండి అంటుంటే ఆ కన్ను కూడా నేనే మూసేశాను."

పెదనాన్నగారు గుమ్మంలోకి వచ్చి, ఆయన్ని చూసి వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. మావయ్య ఇంకా చెబుతూనే ఉన్నాడు. పసుపు ఎక్కడ రాశారో, చేతులు ఎలా పెట్టారో, ఏదీ వదలకుండా చెబుతున్నాడు. అమ్మ ఇన్నేళ్లూ అందర్నీ అడిగింది ఈ మాటల కోసమే. ఇప్పుడు వాటిని వింటున్నది నేను.